వీడియో ఈఈజీ వార్డు రివ్యూ: టెంపొరల్ లోబ్ ఫిట్స్ ఉన్న మనిషి ఇంట్లోవాళ్ళ కోసం

బిర్యానీ సెంటర్‌కీ మిక్సీకీ రివ్యూలు రాస్తారు గానీ హాస్పిటల్ టెస్టుకి రివ్యూ ఏంటి వదినా అని మా మరిది నవ్వాడు. మిక్సీ కొనేముందు నలుగుర్ని అడుగుతాం, రోజుకి వేలు పోసే టెస్టు గురించి మాత్రం ఎవర్నీ అడగం, ఎందుకంటే ఫిట్స్ అనే మాట ఇంటి గడప దాటకూడదు కదా మనకి. అందుకే రాస్తున్నా. రివ్యూ దేనికంటే హైదరాబాద్‌లో ఒక పెద్ద ప్రైవేట్ హాస్పిటల్లో ఉన్న ఎపిలెప్సీ (ఫిట్స్ జబ్బు) మానిటరింగ్ యూనిట్‌కి, అంటే అందరూ వీడియో ఈఈజీ వార్డు అనేదానికి (తలమీద తీగలతో మెదడు కరెంటు గీతలు, కెమెరాతో మనిషినీ ఒకేసారి రికార్డు చేస్తారు), దాని తర్వాత జరిగిన వైద్యానికి కూడా. హాస్పిటల్ పేరు రాయను, డబ్బుల దగ్గర తిట్టాల్సినవి చాలా ఉన్నాయి, పైగా పేరు కంటే అలాంటి వార్డులో ఏం ఉండాలి, ఏం అడగాలి అన్నదే మీకు పనికొస్తుంది. రేటింగ్ ముందే చెప్పేస్తా: డాక్టర్లకీ టెక్నీషియన్లకీ ఐదుకి ఐదు, నర్సులకి నాలుగున్నర, కౌంటర్లకి ఒకటిన్నర, క్యాంటీన్ ఉప్మాకి సున్నా.

మా ఆయన గుంటూరులో జూనియర్ కాలేజీలో లెక్కల లెక్చరర్. ఆయనకొచ్చే ఫిట్ సినిమాల్లో చూపించే టైపు కాదు, కింద పడి కొట్టుకోవడం, నోట్లో నురగ, అవేమీ ఉండవు. కడుపులోంచి ఏదో పైకి ఎగదన్నినట్టు వస్తుంది, ఒక్కోసారి దాంతోపాటు ఇదంతా ముందే జరిగినట్టుందే అనిపిస్తుంది, కారణం లేకుండా భయం, అక్కడితో ఆగిపోతే ఆయనకి గుర్తుంటుంది. ఆగకపోతే చూపు ఒకచోట నిలిచిపోతుంది, పెదాలు చప్పరిస్తారు, మింగుతారు, కుడిచేత్తో చొక్కా గుండీలు తడుముతుంటారు, ఎడమచెయ్యి మాత్రం వంకర తిరిగి బిగుసుకుపోతుంది. ఒక నిమిషం, నిమిషంన్నర. తర్వాత కుడిచేత్తో ముక్కు తుడుచుకుని ఏమైంది, నాకేం కాలేదే అంటారు. క్లాసులో వస్తే పిల్లలు సార్ లెక్క ఆలోచిస్తున్నారు అనుకునేవాళ్ళట.

ఇలాంటిదాన్ని ఫిట్స్ అని ఎవరనుకుంటారు చెప్పండి. కడుపులోంచి వస్తోంది కాబట్టి గ్యాస్ అన్నారు, ఎండోస్కోపీ చేశారు, పరగడుపున వేసుకునే గ్యాస్ గోళీ ఏళ్ళ తరబడి నడిచింది. భయం వేస్తోంది అంటే పానిక్ ఎటాక్ అన్నారు ఇంకొకరు. మా అత్తయ్య దర్గాకి తీసుకెళ్ళి తాయెత్తు కట్టించారు, దానివల్ల నష్టమేం లేదు, ఇంకా చేతికే ఉంది. చివరికి ఒకరోజు తెల్లవారుజామున నిద్రలో పెద్ద ఫిట్ వచ్చి నాలుక కొరుక్కున్నాక గానీ న్యూరో డాక్టర్ దగ్గరికి పోలేదు. అక్కడ తీసిన ఈఈజీ నార్మల్, ఊళ్ళో స్కాన్ సెంటర్‌లో తీసిన ఎమ్మారై కూడా నార్మల్. రిపోర్టు చేతిలో పెట్టుకుని బంధువులు ఏమీ లేదటగా, టెన్షన్ తగ్గించుకోమను అన్నారు. అర్ధగంట ఈఈజీ నార్మల్ వచ్చిందని ఫిట్స్ లేవనుకోవడం ఎలాంటిదంటే, కాసేపు వీధి గుమ్మంలో నిలబడి చూసి మా ఊళ్ళో కరెంటే పోదు అనడం లాంటిది. టెంపొరల్ లోబ్ చెవి పక్కన, కణత వెనకాల ఉండే మెదడు భాగం, అందులోనూ ఫిట్ పుట్టేది ఎక్కువగా లోపలివైపు మడతలో, ఫిట్ లేని టైమ్‌లో తలమీద అతికించే తీగలకి అది అందకపోవచ్చు. రాత్రంతా నిద్ర ఆపి మర్నాడు తీసే ఈఈజీలో దొరికే ఛాన్స్ పెరుగుతుంది, అది చాలామందికి రాసివ్వరు, మీరే అడగండి.

మందుల సంగతి త్వరగా చెప్పేస్తా. మొదట లెవెటిరాసెటామ్, ఫిట్స్ కొంచెం తగ్గాయి గానీ ఎప్పుడూ గొంతెత్తని మనిషి చీటికీమాటికీ పళ్ళెం విసిరేసేవారు, అది మనిషి గుణం కాదు గోళీ గుణం అని మాకెవరూ చెప్పలేదు. తర్వాత కార్బమజెపిన్, దానికి ముందు హెచ్ఎల్ఏ-బి 1502 అనే రక్తపరీక్ష చేయించారు, ఆ జీన్ ఉన్నవాళ్ళకి ఈ మందుతో ఒళ్ళంతా చర్మం ఊడిపోయే ప్రమాదకరమైన రియాక్షన్ రావచ్చట, మన ఆసియావాళ్ళలో అది కొంచెం ఎక్కువ కనిపిస్తుందట. ఆ జీన్ లేదు గానీ సోడియం పడిపోయి తూలిపోయేవారు. డోసు తగ్గించి క్లోబజామ్ కలిపారు, అప్పుడు మత్తు. ఇంత చేసినా నెలకి నాలుగైదు వస్తూనే ఉన్నాయి. ఇక్కడ మా గుంటూరు డాక్టర్ గారిని మెచ్చుకోవాలి, నాలుగో గోళీ రాసి ఇంకో ఏడాది లాగకుండా, సరిగ్గా ఎంచుకున్న రెండు మందులు సరైన డోసులో వాడినా ఆగకపోతే దాన్ని మందులకి లొంగని ఎపిలెప్సీ అంటారమ్మా, 2010 నుంచి అంతర్జాతీయంగా లెక్క అదే, ఇక ఎపిలెప్సీ సెంటర్‌కి వెళ్ళాల్సిందే అని ఉత్తరం రాసిచ్చారు.

ఇక అసలు రివ్యూ. ఓపీ ఫీజు మామూలు న్యూరో కంటే ఎక్కువ, వెయిటింగ్ ఘోరం, పొద్దున్న వెళ్తే లోపలికి పిలిచేసరికి మధ్యాహ్నం భోజనాల టైమ్ దాటింది, కుర్చీలు చాలవు. కానీ లోపల ఆవిడ, ఎపిలెప్సీ మాత్రమే చూసే డాక్టర్, మమ్మల్ని గడియారం చూడకుండా కూర్చోబెట్టారు. మా ఆయన్ని ఐదు నిమిషాలు అడిగి నావైపు తిరిగారు. ఆయనకి తెలిసేది మొదటి పది సెకన్లే, మిగతా సినిమా అంతా చూసింది మీరు కదమ్మా, మొదట్నించీ చెప్పండి అన్నారు. ఏ చెయ్యి బిగుసుకుంటుంది, ఏ చెయ్యి తడుముతుంది, తల ఎటు తిరుగుతుంది, అయిపోయాక మాట వెంటనే వస్తుందా లేదా. ఫోన్‌లో తీసిన వీడియో ఉందా అంటే చూపించా. ఎడమచెయ్యి బిగుసుకునే దగ్గర ఆపి మళ్ళీ మళ్ళీ చూశారు. చివర్లో ముక్కు తుడుచుకోవడం చూసి నవ్వారు కూడా, నేనైతే అది జలుబు అనుకునేదాన్ని. మెదడులో కుడిపక్క ఫిట్ పుడితే ఎదురుపక్క చెయ్యి బిగుస్తుంది, ముక్కు తుడిచేది మాత్రం ఎక్కువగా అదేపక్క చేత్తో, ఫిట్ అవగానే మాట తడబడకుండా వచ్చిందంటే మాటలుండే ఎడమవైపు బహుశా బాగానే ఉన్నట్టు. మిషన్ పెట్టకముందే ఆవిడ కాగితం మీద కుడి టెంపొరల్ అని రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నారు. కాబట్టి మీ ఇంట్లో ఎవరికైనా ఇలా వస్తుంటే, మనిషి పడిపోకుండా చూసుకున్నాక, ఫోన్ తీసి మొహం రెండు చేతులూ కనపడేట్టు వీడియో తీయండి. అది ఫ్రీ టెస్టు.

ఇంకో రెండు ప్రశ్నలు అడిగారు. పంది మాంసం, శుభ్రంగా కడగని పచ్చికూరలు, తలలో పురుగు తిత్తి అని ఎప్పుడైనా స్కాన్‌లో చెప్పారా అని, మనదేశంలో పెద్దయ్యాక మొదలైన ఫిట్స్‌కి అదో ముఖ్య కారణం కాబట్టి. మాకది లేదు. రెండోది, చిన్నప్పుడు జ్వరంలో ఫిట్స్ వచ్చాయా అని. లేదండీ అన్నారు మా ఆయన. బయట కూర్చున్న అత్తయ్యని పిలిపించి అడిగితే ఆవిడ కాసేపు గోడకేసి చూసి, ఏడాదిన్నర పిల్లాడప్పుడు జ్వరంలో వచ్చింది తల్లీ, ఆసుపత్రికి చేరేదాకా ఆగలేదు, పెళ్ళి సంబంధాలు చెడిపోతాయని ఎవరికీ చెప్పలేదు అన్నారు. నా మొహం చూడలేకపోయారు పాపం. నాకు కోపం రాలేదంటే అబద్ధం. అలా చాలాసేపు ఆగని జ్వరం ఫిట్స్ వచ్చిన పిల్లల్లో కొందరికి హిప్పోక్యాంపస్ అనే జ్ఞాపకాల భాగం దెబ్బతిని మచ్చ కడుతుందట, ఏళ్ళకేళ్ళు ఊరుకుని తర్వాత అక్కడినుంచే ఈ రకం ఫిట్స్ మొదలవుతాయట. పెద్దవాళ్ళలో మందులకి లొంగని టెంపొరల్ లోబ్ ఎపిలెప్సీలో ఎక్కువగా దొరికే కారణం ఈ మచ్చే. అన్నట్టు ఫిట్స్ ఉంటే పెళ్ళి చెల్లదు అని ఇంకా అనేవాళ్ళకి ఒక మాట, హిందూ వివాహ చట్టంలోంచి ఆ పదాన్ని 1999లోనే తీసేశారు.

వార్డు గురించి. సింగిల్ రూమ్, గోడకి కెమెరా, రాత్రి చీకట్లో కూడా చూసే రకం, మంచానికి రెండువైపులా మెత్త కట్టిన రెయిలింగ్, చేతికి సెలైన్ సూది పెట్టి మూసి ఉంచుతారు అవసరమైతే వెంటనే మందు ఎక్కించడానికి. తలకి నూనె రాసుకుని వెళ్ళొద్దు, తీగలు అంటుకోవు, మాకు ఈ ముక్క అడ్మిషన్ డెస్క్‌లో ఎవరూ చెప్పలేదు, టెక్నీషియన్ కుర్రాడే షాంపూ తెప్పించి తల కడిగించాడు. గుండీల చొక్కాలే తీసుకెళ్ళండి, తలమీదనుంచి తొడిగేవి పనికిరావు. తీగలు జిగురుతో అతికించి పైన గుడ్డ చుట్టేస్తారు, దురద పెడుతుంది, గోకకూడదు. బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా చెప్పి వెళ్ళాలి, తలుపు గడియ పెట్టకూడదు. మంచం పక్కన ఒక బటన్ ఇస్తారు, ఆయనకి కడుపులో మొదలవగానే ఆయన, ఆయన నొక్కలేకపోతే నేను నొక్కాలి. నేను నొక్కి దుప్పటి కూడా లాగెయ్యాలి, చేతులు కాళ్ళు కెమెరాకి కనపడాలి కదా. కెమెరాకి అడ్డం నిలబడకూడదు, మొదటిసారి నర్సమ్మ నన్ను భుజం పట్టుకుని పక్కకి జరిపేసింది.

ఇక్కడ చాలామందికి మింగుడుపడనిది ఒకటుంది. ఇన్నాళ్ళూ ఫిట్ రాకూడదని మందులు మింగి, ఇక్కడ డబ్బు కట్టి మరీ ఫిట్ రావాలని మందులు తగ్గిస్తారు. వాళ్ళ చూపు ముందర, సూది రెడీగా ఉన్నచోట తగ్గిస్తారు కాబట్టి సరే గానీ, దీన్ని చూసి ఇంట్లో ఎవరూ గోళీలు ఆపే ప్రయోగం చేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. మొదట్లో ఒక్కటీ రాలేదు, బిల్లు మాత్రం గడియారంలా కాదు ఆటో మీటర్‌లా తిరిగింది. మా ఆయన టీవీ చూస్తూ నాకు తగ్గిపోయిందేమోనే అన్నారు. ఆ రాత్రి నిద్ర తక్కువ చేయించారు, తెల్లారి కాఫీ తాగుతుండగా వచ్చింది. బటన్ నొక్కగానే నర్సమ్మ పరిగెత్తుకొచ్చింది, మలయాళీ అమ్మాయి, వచ్చీరాని తెలుగులో సార్ మీ పేరు చెప్పండి, రెండు వేళ్ళు చూపించండి, గులాబీ అనే మాట గుర్తుపెట్టుకోండి అని గడగడా అడిగేసింది. తేరుకున్నాక నేనేం మాట చెప్పాను సార్ అంటే మీరెప్పుడొచ్చారమ్మా అన్నారాయన. ఆ అడగడం ఊరికే కాదు, ఏ క్షణానికి తెలివి పోయింది, ఎప్పుడు మాట తిరిగొచ్చింది అన్నది ఆ గీతల పక్కన పెట్టి చూస్తారు. తర్వాత ఇంకొన్ని వచ్చాయి, నిద్రలో ఒక పెద్దది కూడా, దానికి వెంటనే సూదిమందు ఇచ్చారు. అన్నీ కుడి టెంపొరల్ ముందు భాగంలోంచే మొదలవుతున్నట్టు టెక్నీషియన్ తెరమీద చూపించాడు, నాకు గీతలు అర్థంకాలేదు గానీ ఫిట్ ఒంటిమీద కనపడకముందే కొన్ని తీగల్లో లయగా అలలు మొదలవ్వడం మాత్రం నా కంటికే తెలిసింది. ఎన్నో ఏళ్ళు గ్యాస్ అన్నది అదే.

ఈ వార్డు ఇంకో పని కూడా చేస్తుంది. పక్క రూమ్‌లో ఒకమ్మాయికి మూడు రకాల ఫిట్స్ గోళీలు నడుస్తున్నాయి, ఎటాక్ రికార్డయితే ఈఈజీలో ఫిట్ తాలూకు గుర్తే లేదట, అది మనసు ఒత్తిడి వల్ల వచ్చే రకం, నటన కాదు, వైద్యం మాత్రం పూర్తిగా వేరు, కౌన్సెలింగ్‌కి పంపారు. వాళ్ళమ్మ గారు డబ్బు దండగ అయిందని ఏడిచారు గానీ నా లెక్కలో ఆ అమ్మాయికే మాకంటే ఎక్కువ గిట్టుబాటు.

ఎమ్మారై మళ్ళీ తీశారు. పాతది ఉంది కదా అని నేను వాదించా. పాతది తలనొప్పికి తీసే మామూలు పద్ధతిలో, మందమైన ముక్కలుగా తీసిందట, అయస్కాంతం బలం ఎక్కువుండే 3 టెస్లా మిషన్‌లో ఎపిలెప్సీ ప్రోటోకాల్ అని, హిప్పోక్యాంపస్‌కి అడ్డంగా పలచటి ముక్కలుగా తీస్తే కుడిపక్కది ఎడమదానికంటే ముడుచుకుపోయి తెల్లగా మెరుస్తూ కనపడింది. విచిత్రం ఏంటంటే, తర్వాత పాత సీడీ పెట్టి చూపిస్తే దాంట్లోనూ లీలగా ఉంది. మిషన్ ఒక్కటే కాదు, చూసే కన్ను ముఖ్యం. స్లిప్ మీద ఎపిలెప్సీ ప్రోటోకాల్ అని రాయించుకోకుండా ఎమ్మారైకి డబ్బు కట్టకండి. పెట్ స్కాన్ కూడా చేశారు, ఫిట్ లేనప్పుడు ఆ భాగం చక్కెర తక్కువ వాడుకుంటుంది, అక్కడ మసకగా కనపడుతుంది. మా విషయంలో అది లేకపోయినా సరిపోయేదేమో అని నా అనుమానం, అడిగితే అన్నీ ఒకేమాట చెప్పాలమ్మా కొయ్యబోయేముందు అన్నారు.

జ్ఞాపకశక్తి పరీక్షకి నేను పెట్టే మార్కులు మూడే. పరీక్ష మంచిదే, చేసినమ్మాయి ఓపిగ్గా చేసింది, కానీ మొదట ఇంగ్లీషు మాటల జాబితా తీసింది. మా ఆయన లెక్కలు ఇంగ్లీషులో చెప్తారు గానీ ఆలోచించేది తెలుగులోనే, నాకెందుకో సబబుగా అనిపించక తెలుగుది లేదా అని అడిగితే అప్పుడు తెలుగు జాబితా బయటికి తీసింది. ఉన్నదాన్ని ముందే ఎందుకు తీయరు? సొంత భాషలో కాకపోతే మతిమరుపు ఎంతో భాష రాకపోవడం ఎంతో ఎలా తెలుస్తుంది. ఈ పరీక్ష ఎందుకంటే, 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే ఆయనకి ఫిట్స్ కోసం రెండుపక్కలా హిప్పోక్యాంపస్ ఉండే భాగాలు తీసేశారు, ఫిట్స్ బాగా తగ్గాయి గానీ ఆ తర్వాత బతికినన్నాళ్ళూ కొత్త విషయం దాదాపు ఏదీ ఆయన మనసులో నిలవలేదు. అప్పట్నుంచి ఒకపక్క తీసేముందు రెండోపక్క పని చేస్తోందా అని చూడటం తప్పనిసరి. కుడిచేతి వాటం వాళ్ళలో చాలామందికి మాటల జ్ఞాపకం ఎడమవైపు ఉంటుంది, ఎడమపక్క ఆపరేషన్ అయితే పేర్లు, మాటలు గుర్తురాని ఇబ్బంది ఎక్కువ. మాది కుడిపక్క కావడం మా అదృష్టం.

తర్వాత న్యూరాలజిస్టు, సర్జన్, రేడియాలజిస్టు, సైకాలజిస్టు అందరూ కూర్చుని కేసు చర్చిస్తారు, ఆ మీటింగ్ లేని హాస్పిటల్‌ని నేనైతే సెంటర్ అనను. మాకు రెండు లెక్కలు చెప్పారు. స్కాట్లాండ్‌లోని గ్లాస్గో డాక్టర్లు 2000లో ప్రచురించిన స్టడీలో, అంతకుముందు మందు వాడని 470 మందిలో 47 శాతానికి మొదటి మందుతోనే ఫిట్స్ ఆగాయి, రెండోదో మూడోదో మందుతో ఇంకో 14 శాతానికి, రెండు మందులు కలిపితే ఇంకో 3 శాతానికి, అంతే. అంటే గోళీలు మార్చుకుంటూ పోతే మాకు మిగిలిన ఆశ ఆ చివరి తోక. రెండోది కెనడాలో 2001లో వచ్చింది, టెంపొరల్ లోబ్ వాళ్ళు 80 మందిని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేశారు, ఏడాది తర్వాత తెలివి తప్పే ఫిట్స్ లేనివాళ్ళు ఆపరేషన్ గుంపులో 58 శాతం, మందుల గుంపులో 8 శాతం. లెక్కల మాస్టారికి ఇంకేం చెప్పక్కర్లేదు. నాకు మాత్రం ఇంకో అంకె నిద్రపట్టనివ్వలేదు, ఎపిలెప్సీ ఉన్న పెద్దవాళ్ళలో ఏడాదికి వెయ్యిమందిలో ఒకరు దాకా అనుకోకుండా, ఎక్కువగా నిద్రలో, చనిపోతారట, పెద్ద ఫిట్స్ ఆగకుండా వచ్చేవాళ్ళకి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ఇది డాక్టర్ చాటుగా కాకుండా ఆయన ముందే, నిదానంగా చెప్పారు. కొందరికి నచ్చకపోవచ్చు, నాకు నచ్చింది.

ఆపరేషన్ గురించి ఎక్కువ రాయను, దాని రివ్యూ రాసేది నేను కాదు పడుకున్న మనిషి. కుడి టెంపొరల్ ముందు భాగం, లోపల మచ్చ కట్టిన హిప్పోక్యాంపస్ తీసేశారు. పుర్రె కోస్తారు అనగానే మా పుట్టింటివాళ్ళు ఏడుపులు పెట్టారు గానీ ఆయన వారంలో ఇంటికొచ్చారు. ముందుగా ఎవరూ గట్టిగా చెప్పని ఇబ్బంది దవడ, నమిలే కండ మీదుగానే కోత పడుతుంది కాబట్టి కొన్ని వారాలు నోరు పూర్తిగా తెరుచుకోలేదు, పప్పన్నం మెత్తగా కలిపి పెట్టాల్సొచ్చింది, పెరుగన్నం ఫరవాలేదు, గారెలు మర్చిపోండి. ఎడమపక్క పైభాగంలో చూపు కొంచెం తగ్గింది, ఆయనకి తెలియలేదు, కంటి ఫీల్డ్ టెస్టులో దొరికింది, ఇది రావచ్చని ముందే సంతకం పెట్టించుకున్నారు. మొదటి నెలల్లో ఉత్తినే దిగులు, దానికి సైకియాట్రిస్టుని కలిపారు, ఆ సెంటర్‌లోనే ఉన్నారు కాబట్టి సులువైంది. ఇప్పటిదాకా తెలివి తప్పే ఫిట్ మళ్ళీ రాలేదు, కడుపులోది ఒకసారి లీలగా వచ్చిందన్నారు. మందులు వెంటనే ఆపరు, తొందర పడొద్దన్నారు, నిదానంగా తగ్గిస్తున్నారు. బండి మాత్రం ఇంకా ముట్టనివ్వట్లేదు నేను, లైసెన్స్ ఫారమ్ ఒకటిలో ఎపిలెప్సీ ఉందా అని అడిగే కాలమ్ ఉంటుంది, దానికి అబద్ధం రాయలేం.

ఇక డబ్బు. వీడియో ఈఈజీ, స్కాన్లు కలిపి లక్ష దాటింది, ఆపరేషన్ ఖర్చు వేరే. ప్యాకేజీ అని ఒక అంకె చెప్పి, బయటికొచ్చేటప్పుడు రూమ్ వేరు, మందులు వేరు, రాత్రి మానిటరింగ్ వేరు అని ఇంకో అంకె ఇచ్చారు, ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకుని సంతకం తీసుకోవాల్సింది కౌంటర్ దగ్గరే. ఇన్సూరెన్స్ వాళ్ళు క్యాష్‌లెస్ కొట్టేశారు, కేవలం పరీక్షల కోసం అడ్మిట్ అయితే ఇవ్వం అనే క్లాజు మన పాలసీల్లో మామూలుగా ఉంటుంది, వీడియో ఈఈజీని దాంట్లో తోసేస్తారు. మందులు తగ్గించి, ఫిట్ వస్తే సూదిమందు ఇచ్చారు, ఇది పరీక్ష ఒక్కటే కాదు వైద్యం కూడా అని డాక్టర్ లెటర్‌హెడ్ మీద రాయించి మళ్ళీ పంపితే కొంత వచ్చింది. ఆ లెటర్ అడ్మిట్ అవకముందే అడగండి, డిశ్చార్జ్ రోజు ఎవరికీ తీరిక ఉండదు.

ఇంత ప్రైవేట్‌లో పెట్టలేనివాళ్ళు ఆగిపోనక్కర్లేదు. త్రివేండ్రంలో శ్రీ చిత్ర తిరునాళ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, కేంద్ర ప్రభుత్వానిది, 1995లో అక్కడ టెంపొరల్ లోబ్ ఆపరేషన్లు మొదలయ్యాయి, 1998 నుంచి ఎపిలెప్సీకే ప్రత్యేకంగా ఆర్. మాధవన్ నాయర్ సెంటర్ నడుస్తోంది, ఇతర రాష్ట్రాల నుంచీ జనం పోతారు. బెంగళూరు నిమ్‌హాన్స్, ఢిల్లీ ఎయిమ్స్ కూడా ఈ పని చేసేవే, మన హైదరాబాద్‌లో పంజాగుట్ట నిమ్స్ న్యూరాలజీ ఓపీలో ముందు చూపించుకోవచ్చు. క్యూ ఉంటుంది, ఓపిక పట్టాలి.

ఎవరికి ఈ వార్డు అక్కర్లేదో కూడా చెప్పాలి కదా. గోళీలతోనే ఫిట్స్ ఆగిపోయిన వాళ్ళకి అక్కర్లేదు, అలాంటివాళ్ళే ఎక్కువమంది, వాళ్ళు మందు మానకుండా, నిద్ర చెడకుండా చూసుకుంటే చాలు. పెళ్ళీడు ఆడపిల్లలకి వాల్‌ప్రోయేట్ రాస్తే మాత్రం గర్భం సంగతి డాక్టర్‌తో విడిగా మాట్లాడండి, కడుపులో బిడ్డకి లోపాలు తెచ్చే మందు అది, అలాగని భయపడి సొంతంగా ఆపేయొద్దు. ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా కుక్కడం, ఉల్లిపాయ వాసన చూపించడం మా వీధిలో ఇంకా చేస్తున్నారు, ఏదీ వద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టి టైమ్ చూడండి, పెద్ద ఫిట్ ఐదు నిమిషాలు దాటితే హాస్పిటల్‌కి పరిగెత్తండి. మాకు ఫిట్ ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే రాసిచ్చారు, పర్సులో ఉంటుంది.

చివరిగా, డిశ్చార్జ్ రోజు కాగితాల ఫైల్ ఒకటి చేతిలో పెట్టి పంపేస్తారు, దాంతో రావద్దు. ఎమ్మారై ఫిల్ములు కాదు సీడీ కావాలని, రికార్డయిన ఫిట్స్ తాలూకు వీడియో, ఈఈజీ ముక్కలు పెన్‌డ్రైవ్‌లో కావాలని అడగండి, ఇంకో సెంటర్‌లో రెండో అభిప్రాయం అడగాలంటే వాళ్ళు చూసేది అవే. మాకు కొత్త పెన్‌డ్రైవ్ కొనుక్కొస్తే గానీ ఇవ్వమన్నారు, హాస్పిటల్ ఎదురుగా ఉన్న జెరాక్స్ షాపులో దొరికింది, రేటు కొంచెం ఎక్కువ.